తెర మీద డాక్టరు, పక్కన నర్సమ్మ



2000 సంవత్సరం మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదులో ఉన్నారు. మర్నాటి పత్రికల నిండా హైటెక్ సిటీ, ఆయన ఉపన్యాసం, ఊరు ఊరంతా తుడిచి ముగ్గేసినట్టు ముస్తాబైన రోడ్లూ కనిపించాయి. ఆ హడావిడిలో ఒక చిన్న ప్రారంభోత్సవం పక్కకి పోయింది. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలో అరగొండ అని ఒక ఊరుంది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులు ప్రతాప్ సి. రెడ్డి పుట్టిన ఊరు అది. అక్కడ 50 పడకల ఆసుపత్రి కట్టించి, ఇస్రో సాయంతో ఉపగ్రహ డిష్ పెట్టించి, పట్నంలో ఉన్న పెద్ద డాక్టర్లతో దృశ్య సంబంధం కలిపారు. దాన్ని క్లింటన్ హైదరాబాదు నుంచే ప్రారంభించారు. రోగిని బస్సెక్కించే బదులు రోగి ఎక్స్‌రేని ఆకాశం మీదుగా పంపించడం అన్నమాట.

అప్పటికి చాలా ఊళ్లలో ఫోను చెయ్యాలంటే ఎస్టీడీ బూత్‌కి వెళ్లాలి. అందుకే అరగొండ ప్రయోగం ముచ్చటగా అనిపించిందే తప్ప, మన ఊరికీ వస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఆ డిష్, ఆ పరికరాలు, ఆ లైను ఖరీదు అలాంటివి. తర్వాత పదిహేనేళ్లలో ఆ ఖరీదంతా కరిగిపోయింది. డిష్ చేసిన పనిని జేబులో పట్టే ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. అయినా గుండె డాక్టరు పల్లెకు రాలేదు. ఎందుకు రాలేదన్నది తీగల్లో, తరంగాల్లో వెతికితే దొరకదు, కోర్టు కాగితాల్లో దొరుకుతుంది.

2018 జులైలో బొంబాయి హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. మహారాష్ట్రలోని రత్నగిరిలో సిజేరియన్ అయిన ఒక బాలింతకు ఒంట్లో బాగుండక మళ్లీ ఆసుపత్రికి వస్తే, అప్పటికి ఊళ్లో లేని డాక్టర్లు ఫోన్లోనే మందులు చెప్పారు. ఆమె చనిపోయింది. ఆ డాక్టర్ దంపతులు ముందస్తు బెయిలు అడిగితే హైకోర్టు ఇవ్వలేదు. రోగిని చూడకుండా, రోగనిర్ధారణ చెయ్యకుండా మందు రాయడం తీవ్రమైన నిర్లక్ష్యం అంది. ఆ తల్లి విషయంలో కోర్టు అన్నది అక్షరాలా సబబే. కానీ ఆ ఉత్తర్వు దేశంలోని డాక్టర్లందరి చెవినా ఒకే రకంగా పడింది: ఫోన్లో మందు చెబితే జైలుకి పోతాం. టెలిమెడిసిన్‌ని నేరమని ఏ చట్టమూ అనలేదు, సరేనని కూడా అనలేదు. అలాంటి సందులో పెద్ద డాక్టరు తన రిజిస్ట్రేషన్ని పణంగా పెట్టి ఎక్కడో ఉన్న మనిషికి మందుల చీటీ ఎందుకు రాస్తారు?

ఆ సందు మూసుకున్న తేదీ అందరికీ వేరే కారణంతో గుర్తుంటుంది. 2020 మార్చి 25. లాక్‌డౌన్ మొదలైన రోజునే భారత వైద్య మండలి పాలకవర్గం, నీతి ఆయోగ్‌తో కలిసి, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎన్నాళ్లుగానో బల్ల మీద నానుతున్న కాగితానికి కరోనా కాళ్లు తెచ్చింది.

ఈ మార్గదర్శకాలు చదవదగ్గవి. ప్రభుత్వ కాగితాల్లో ఇంత ఇంగితంతో రాసినవి తక్కువ. మందుల్ని వర్గాలుగా విడదీశారు. మామూలు జ్వరం మాత్రలాంటివి ఫోన్లో విని అయినా చెప్పొచ్చు. ఇంకొన్నిటికి మొదటిసారి వీడియోలో మనిషిని చూసి తీరాలి. బీపీ, షుగర్ లాంటి వాటికి పాత చీటీని కొనసాగించొచ్చు. మత్తుమందుల చట్టం కిందికొచ్చేవి మాత్రం ఏ రకంగానూ రాయకూడదు. పసిపిల్లలకైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. రోగి స్వయంగా వస్తానంటుంటే, అక్కర్లేదు ఫోన్లోనే చూస్తానని డాక్టరు పట్టుబడితే అది తప్పు. ప్రాణం మీదికొచ్చినప్పుడు తెర మీద వైద్యం వద్దు. ప్రథమ చికిత్స చెప్పి వెంటనే ఆసుపత్రికి పంపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫలానా మనిషిని ఇలా చూడొచ్చా, దగ్గరికి రమ్మనాలా అన్న నిర్ణయం డాక్టరుదే. యాప్‌ది కాదు.

ఇక దేశంలో అన్నిటికంటే ఎక్కువ నడుస్తున్న వేదిక సంగతి. దాని పేరు ఈ-సంజీవని. మొహాలీలోని సీడాక్ సంస్థ తయారుచేసింది. కరోనా ఊసు కూడా లేని 2019 నవంబరులోనే దాన్ని దేశంలో మొట్టమొదట వాడకంలోకి తెచ్చింది ఆంధ్రప్రదేశ్. అది ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుతో కలిపే మొదటి రూపం. 2020 ఏప్రిల్‌లో రెండో రూపం వచ్చింది. ఎవరి ఫోన్లోంచి వాళ్లు, ఇంట్లో కూర్చునే, ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడుకునే సౌకర్యం. రెండూ ఉచితమే. 2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో ఒక్క ఆంధ్రప్రదేశ్ వాటా 3 కోట్ల 17 లక్షలు. రెండో స్థానంలో ఉన్న తమిళనాడుది కోటీ 24 లక్షలకు లోపే. తెలంగాణది 46 లక్షలకు కాస్త తక్కువ.

ఈ అంకె చూసి ఆంధ్రులందరూ ఫోన్లో డాక్టర్లతో ముచ్చటించేస్తున్నారనుకుంటే పొరపాటు. ఆ సంప్రదింపుల్లో అత్యధిక భాగం జరిగినవి ఇంటి నుంచి కాదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి. అంటే ఇంట్లోంచి నేరుగా డాక్టరుకి ఫోను చెయ్యడమన్న రెండో పద్ధతి, ప్రకటనల్లో ఎంత అందంగా కనిపించినా, పల్లెలో రెండో పద్ధతిగానే మిగిలింది. ప్రతి సర్కారీ కార్యక్రమానికీ ఉన్నట్టే దీనికీ టార్గెట్ల బాధ ఉంది. టార్గెట్ ఉన్నచోట అంకె కాస్త ఒళ్లు చేస్తుంది. ఆ ఒళ్లు తీసేసినా, మిగిలేది తక్కువేం కాదు.

ఆరోగ్య కేంద్రంలో జరిగేది ఇదీ. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లున్నాయి. తెలంగాణలో అలాంటి వాటినే పల్లె దవాఖానా అంటారు. ఆంధ్రలోని క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అనే ఉద్యోగి ఉంటారు. బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషి, ఎక్కువగా అమ్మాయిలే. ఊరివాళ్లకి ఆ పొడుగు పేరుతో పనిలేదు. నర్సమ్మ, లేదా మేడమ్. మోకాళ్ల నొప్పులనో, పది రోజులుగా తల తిరుగుతోందనో ఒక పెద్దావిడ వస్తుంది. నర్సమ్మ బీపీ చూస్తుంది, వేలికొన పొడిచి షుగర్ చూస్తుంది, రక్తం ఎంతుందో చూస్తుంది. పోయిన నెల ఇచ్చిన మాత్రలు వేసుకున్నావా, ఉపాసాలని మానేశావా అని అడుగుతుంది. మానేసిందని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాతే తెర మీదికి డాక్టరు వస్తారు. ఆయన జిల్లా కేంద్రంలోనో, బోధనాసుపత్రిలోనో ఉన్న హబ్ అనే కేంద్రంలో కూర్చుని ఉంటారు. ఆయన ముందు అప్పటికే బీపీ అంకె, షుగర్ అంకె, పాత చీటీ ఉంటాయి. రెండు ప్రశ్నలు పెద్దావిడని, నాలుగు ప్రశ్నలు నర్సమ్మని. చీటీ వస్తుంది. మందులు అక్కడే, ఆ గదిలోనే ఇస్తారు.

ఈ క్రమంలో కంప్యూటరు ఎంత పని చేసింది? డాక్టరుని తెచ్చి కూర్చోబెట్టింది. మిగతాదంతా నర్సమ్మే చేసింది. ఆవిడ లేకుండా అదే పెద్దావిడ చేతిలో మనవడి ఫోను పెడితే ఏం జరుగుతుంది? తల తిరుగుతోందని చెబుతుంది. డాక్టరు బీపీ ఎంతుంది అని అడుగుతారు. అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. ఆయన ఊహించి మందు రాయలేరు, రాయకూడదు కూడా. ఆసుపత్రికి వెళ్లమంటారు. ఆ మాత్రం సలహాకి ఈ సరంజామా అంతా ఎందుకని ఆవిడ అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

డిజిటల్ వేదికల గురించి మాట్లాడేవాళ్లు తరచూ ఒక మాట అంటారు: మధ్యలో మనిషి పోతాడు, సేవ నేరుగా అందుతుంది అని. రైలు టిక్కెట్టు విషయంలో అది నిజమైంది. డబ్బు పంపే విషయంలో ఇంకా నిజమైంది. వైద్యం, న్యాయం లాంటి వాటిలో మాత్రం వ్యవహారం తిరగబడింది. మధ్యలో మంచి మనిషిని నిలబెట్టినచోటే ఈ వేదికలు పనికొస్తున్నాయి. ఈ-సంజీవని వాడుకున్నవాళ్లలో 57 శాతానికి పైగా ఆడవాళ్లే అని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. సొంత ఫోను మగవాళ్ల చేతిలోనే ఎక్కువగా ఉండే దేశంలో ఇది విశేషమే కదా. పట్నం వెళ్లాలంటే తోడు కావాలి, ఒకరోజు కూలి పోవాలి, ఇంట్లో ఒప్పుకోవాలి. ఊళ్లో క్లినిక్‌కి వెళ్లాలంటే కొంగు సవరించుకుని నడిస్తే చాలు. అక్కడున్నది ఆడమనిషి కాబట్టి చెప్పుకోలేని బాధ కూడా చెప్పుకోవచ్చు.

ఈ కిటుకుని యాప్‌లకంటే ముందే పట్టుకున్న సంస్థ హైదరాబాదులోనే ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. కంటి వైద్యాన్ని వాళ్లు అంచెలంచెలుగా కట్టారు. పైన హైదరాబాదు ఆసుపత్రి, అడుగున ఊళ్లలోని విజన్ సెంటర్లు. సుమారు 50 వేల జనాభాకి ఒక సెంటరు. అక్కడ కూర్చునేది కంటి డాక్టరు కాదు. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతో, యువకుడో. వాళ్లకి ఏడాది పాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్ని చేస్తారు. చూపు పరీక్షించడం, కళ్లద్దాలు ఇవ్వడం, శుక్లమో నీటికాసులో అని అనుమానం వస్తే పైకి పంపడం వాళ్ల పని. తర్వాత ఫొటోలు పంపే సౌకర్యం వచ్చాక, కంటి లోపలి చిత్రాన్ని హైదరాబాదులో డాక్టరు చూసి, ఈయన్ని పంపండి, ఈవిడకి అద్దాలు చాలు అని చెప్పడం మొదలైంది. పరీక్ష చేసే చెయ్యి ముందు, తెర తర్వాత. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా తేలిపోతుంది.

పల్లెలో మధ్య మనిషి ఇదివరకు లేడా అంటే, ఉన్నాడు. ఆర్‌ఎంపీ. డిగ్రీ లేదు, అయినా అర్ధరాత్రి తలుపు తడితే తీస్తాడు, అప్పు పెడతాడు, పట్నంలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతాడు. ఆ చెప్పడంలో ఆసుపత్రి నుంచి ఆయనకి ముట్టే కమీషను ఎంతో పల్లెలో అందరికీ తెలిసిన రహస్యం. విలేజ్ క్లినిక్ నర్సమ్మ నిజానికి పోటీ పడుతున్నది ఈయనతోనే. ఆవిడ దగ్గర మందులు ఉచితం, వెనక ఎంబీబీఎస్ డాక్టరున్నారు. ఆయన దగ్గర సెలైను సీసా ఉంది, రాత్రి పదింటికి కూడా తలుపు తెరిచి ఉంది. ఈ పోటీ ఇంకా తేలలేదు. తేలాలంటే క్లినిక్‌కి సాయంత్రం ఐదు తర్వాత కూడా ఒక జీవితం ఉండాలి.

మధ్యలో మనిషి ఉండడమే అడ్డమయ్యే జబ్బులు కొన్ని ఉన్నాయి. మనసుకి సంబంధించినవి. నిద్ర పట్టడం లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని ఊళ్లో నర్సమ్మతో చెబితే, ఆవిడ ఎంత గుట్టుగా ఉన్నా, వరండాలో కూర్చున్న నలుగురు చూస్తారు. అలాంటివాళ్ల కోసం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్రం టెలి మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. బెంగుళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. తెలుగుతో సహా 20 భాషల్లో, పగలూ రాత్రీ. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకి కలుపుతారు. ఇక్కడ మొహం కనిపించకపోవడమే మందు. పరీక్షల ఫలితాలొచ్చే వారాల్లో ప్రతి తెలుగింట్లోనూ తెలిసి ఉండాల్సిన నంబరు ఇది. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అన్న భయానికి ఇంతవరకూ ఏ ఆసుపత్రీ కనిపెట్టలేని విరుగుడు.

డాక్టరు సంగతి ఇలా ఉంటే, లాయరు సంగతి మరో రకం.

కోర్టుకెక్కిన మనిషికి న్యాయం కంటే ముందు కావాల్సింది కబురు. వాయిదా ఎప్పుడు? ఈ ఒక్క ప్రశ్న కోసం తెలుగు కక్షిదారు ఎన్ని బస్సులెక్కాడో, ప్లీడరు గారి గుమాస్తాకి ఎన్ని కాఫీలు ఇప్పించాడో లెక్కలేదు. ఇప్పుడు ఈకోర్ట్స్ సర్వీసెస్ అనే యాప్ ఉంది. ప్రతి కేసుకీ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సీఎన్ఆర్ నంబరు ఇస్తారు. అది కొడితే వాయిదా తేదీ, పోయిన వాయిదాలో ఏం జరిగింది, జిల్లా కోర్టుల ఉత్తర్వులు, అన్నీ కనిపిస్తాయి. చూడ్డానికి చిన్న సంగతి. కానీ ప్లీడరుకీ కక్షిదారుకీ మధ్య పెత్తనం ఎవరిదన్నది దీంతో కదిలింది. పోయిన వాయిదాకి మన తరఫున ఎవరూ హాజరు కాలేదని రాసుంది కదా సార్ అని అడిగే కొడుకు ఇప్పుడు తండ్రి పక్కన నిలబడుతున్నాడు. పాతికేళ్లు ప్రాక్టీసు చేసిన ప్లీడర్లకి ఇలాంటి ప్రశ్న కొత్త. కొందరికి చిరాకు. నిజాయతీగా పనిచేసేవాళ్లకి ఒక రకంగా ఊరట, రోజుకి పాతిక ఫోన్లు తగ్గాయి.

చిక్కల్లా భాషతో. తేదీ ఎవరికైనా అర్థమవుతుంది, ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తీర్పుని తెలుగులో కూడా వెలువరించినప్పుడు అది వార్త అయింది. వార్త అయిందంటేనే ఎంత అరుదో తెలుస్తోంది. తెలుగు తీర్పు రోజువారీ వ్యవహారం అయ్యేదాకా, యాప్‌లో ఉత్తర్వు చూసినవాడు దాన్ని పట్టుకుని మళ్లీ ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఆ ఎవరో ఒకరి పాత్రకే 2017లో టెలి-లా అనే పథకం పెట్టారు. మొదట కొన్ని రాష్ట్రాల్లో, 2019లో వెనకబడిన 115 ఆకాంక్షిత జిల్లాలకి విస్తరించారు. మన వైపు విశాఖపట్నం, విజయనగరం, కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి, ఖమ్మం లాంటివి ఆ జాబితాలోవే. ఊళ్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళితే, అక్కడున్న పారా లీగల్ వాలంటీరు పేరూ సమస్యా నమోదు చేసి, ప్యానెల్ లాయరుతో ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడిస్తారు. మొదట్లో కొందరి దగ్గర 30 రూపాయలు తీసుకునేవారు, తర్వాత అందరికీ ఉచితం చేశారు. భర్త భరణం ఇవ్వడం లేదు, చేను గట్టు జరిపేశారు, ఉపాధి కూలి డబ్బులు పడలేదు లాంటి ఫిర్యాదులకి మొదటి మెట్టు ఇది. సలహా వరకే ఇస్తారు, కోర్టులో వాదించరు. వాదించడానికి లాయరు కావాలంటే 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది. అందులోని 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరుని ఉచితంగా ఇవ్వాలి. ఇది తెలిసిన ఆడవాళ్లు ఎంతమంది? నెలకి లక్ష సంపాదించే ఉద్యోగినికి కూడా ఈ హక్కు ఉందని చెబితే చదువుకున్నవాళ్లే నమ్మరు. దీనికి ఫోను నంబరు 15100.

వినియోగదారుల కేసులు మరీ సులువయ్యాయి. 2020 సెప్టెంబరు నుంచి ఈ-దాఖిల్ అనే పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు వెయ్యొచ్చు. ఇటీవల దాన్ని ఈ-జాగృతి అనే కొత్త వేదికలో కలిపారు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపయితే దాఖలు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. అయినా ఫిర్యాదు ఎలా రాయాలో తెలియక జనం వెళ్లేది ఎక్కడికో తెలుసు కదా, నెట్ సెంటర్‌కే. అక్కడ కుర్రాడు ఇదివరకు ఎవరికో రాసిన ఫిర్యాదు తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీసి ఇస్తాడు. రిజిస్ట్రారు ఆఫీసు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరికి ఈ కుర్రాడు వారసుడు. ఆ లేఖరికి కనీసం లైసెన్సు అనే మాటైనా తెలుసు. ఈ కుర్రాడు తప్పు రాస్తే అడిగే నాథుడు లేడు.

అడిగే నాథుడు. ప్రైవేటు వేదికల దగ్గరికొచ్చేసరికి అసలు ప్రశ్న ఇదే అవుతుంది. ఫోన్లో దగ్గర్లో మంచి చర్మ వైద్యులు అని కొడితే వరసగా పేర్లు వస్తాయి, చుక్కలు వస్తాయి, ఫీజు ఎంతో వస్తుంది. ఫీజు ముందే తెలియడం నిజంగా మేలు. మన దగ్గర డాక్టరు గారి ఫీజు ఎంతండీ అని కౌంటర్లో అడగడానికి కూడా మొహమాటపడే జనం ఉన్నారు. కానీ మొదటి పేరు మొదటే ఎందుకు వచ్చింది? పనితనం వల్లా, డబ్బు కట్టడం వల్లా? తెర మీద ఆ తేడా కనిపించదు.

ఈ సంగతి జాతీయ వైద్య కమిషన్‌కీ తెలుసు. 2023 ఆగస్టు 2న విడుదలైన కొత్త నియమావళిలో, వెతికినప్పుడు తన పేరు పైన రావాలని డాక్టర్లు డబ్బు కట్టకూడదని, రేటింగ్ పెంచుతామని రుసుము అడిగే యాప్‌లలో చేరకూడదని స్పష్టంగా రాసింది. మూడు వారాలు తిరక్కుండానే, అదే నెల 23న, ఆ నియమావళి మొత్తాన్ని పక్కన పెట్టేసింది. జనరిక్ మందులే రాయాలన్న నిబంధన మీద డాక్టర్ల సంఘాలు గొడవ చేశాయి, దాంతోపాటు ఈ మంచి నిబంధన కూడా అటకెక్కింది. లాయర్ల విషయంలో మద్రాసు హైకోర్టు 2024 జులైలో ఇంకా గట్టిగా మాట్లాడింది. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నియమం ఎప్పటినుంచో చెబుతోంది. ఆన్‌లైన్ జాబితాల ద్వారా కేసులు పట్టుకునేవారి మీద చర్య తీసుకోండని కోర్టు బార్ కౌన్సిల్‌ని ఆదేశించింది. వకీలు వృత్తి వ్యాపారం కాదంది. ఆదర్శం గొప్పదే. కాకపోతే, పట్నంలో బంధువూ లేక, ఎరిగిన ప్లీడరూ లేక వలసొచ్చిన మనిషి లాయరుని ఎలా వెతుక్కోవాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

తప్పు జరిగితే ఎవరు బాధ్యులు? డాక్టర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. లాయర్ల సేవ రాదని అదే కోర్టు 2024 మే 14న తేల్చింది. ఒకే ఫోన్లో, పక్కపక్క యాప్‌లలో దొరికే ఇద్దరు నిపుణుల్లో ఒకరి మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఇంకొకరి మీద వెళ్లకూడదు. ఇక వాళ్లిద్దర్నీ చూపించిన కంపెనీ ఏమంటుంది? మేము మధ్యవర్తులం మాత్రమే అంటుంది. ఐటీ చట్టం 79వ సెక్షను మధ్యవర్తులకి కొన్ని షరతుల మీద రక్షణ ఇస్తోంది కూడా. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఈ తప్పించుకునే దారిని కొంత ఇరుకు చేశాయి. డాక్టరు నిజంగా రిజిస్టరైన మనిషేనా అని వేదికే విచారించుకోవాలి, పేరూ అర్హతా రిజిస్ట్రేషన్ నంబరూ చూపించాలి, లేకపోతే ఆ వేదికని నిషేధిత జాబితాలో పెట్టొచ్చు అన్నాయి. కృత్రిమ మేధతో నడిచే వేదికలు డాక్టరుకి సాయం చెయ్యొచ్చు గాని, అవే రోగికి సలహా ఇచ్చి మందు రాయడానికి వీల్లేదన్నాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే జబ్బు గురించి జవాబిచ్చే చాట్‌బాట్లు ఫోన్లలోకి వచ్చేశాక, ఆ చివరి వాక్యం మీద దుమ్ము దులిపి మళ్లీ చదవాల్సిన అవసరం వచ్చింది.

ఆ మార్గదర్శకాలకి ఇంకో గిరి కూడా ఉంది. అవి దేశం దాటవు. గుంటూరులో అమ్మానాన్నల కోసం డాలస్‌లో కూర్చుని కొడుకు అపాయింట్‌మెంటు తీసుకోవచ్చు, వీడియోలో తనూ పక్కన కనిపించొచ్చు. ఇది చాలా కుటుంబాలకి పెద్ద ధైర్యం. ఎటొచ్చీ ఆ కొడుకుకే డాలస్‌లో జ్వరమొచ్చి, చిన్నప్పటి గుంటూరు డాక్టరుకి వాట్సాప్ చేస్తే, ఆయన చెప్పే సలహాకి ఈ నియమాల నీడ లేదు. అయినా ఆ మెసేజీలు వెళ్తూనే ఉంటాయి, జవాబులూ వస్తూనే ఉంటాయి.

మళ్లీ మధ్యలో మనిషి దగ్గరికే రావాలి. ఈ-సంజీవనిలో ఆంధ్రప్రదేశ్‌ని దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టిన ఎంఎల్‌హెచ్‌పీలు కాంట్రాక్టు ఉద్యోగులు. 2025 వేసవిలో వాళ్లు సమ్మెకి దిగారు. రెగ్యులర్ చెయ్యండి, జీతాలు పెంచండి అన్నారు. టెలి-లాలో లాయరుతో మాట్లాడించే వాలంటీరుకీ నెల జీతం లేదు, గౌరవ వేతనమే. హబ్‌లో డాక్టరు జీతం, సర్వర్ల ఖర్చు, సాఫ్ట్‌వేర్ కొత్త రూపాలు ఏటా బడ్జెట్‌లో చోటు సంపాదించుకుంటున్నాయి. రోగి చెయ్యి పట్టుకుని బీపీ చూసే ఉద్యోగం మాత్రం ఇప్పటికీ ఏడాదికేడాది పొడిగింపు మీదే నడుస్తోంది.